కంఠీరవలో మ్యాచ్ సాయంత్రం

ఫుట్‌బాల్ క్లబ్ బెంగళూరు ఎఫ్‌సీ సొంత మైదానంలో ఆడే రోజున శ్రీ కంఠీరవ స్టేడియానికి కారులో వెళ్లి పార్కింగ్ కోసం తిరగడం కన్నా, కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్‌లో దిగి చెట్ల నీడన నడవడమే మేలు. నీలి జెర్సీల గుంపులో తెలుగు మాటలు తరచుగా వినిపిస్తాయి, మాతో వచ్చిన అనంతపురం బావగారు "ఇంతమంది మనవాళ్లున్నారా!" అని ఆశ్చర్యపోయారు.

గ్యాలరీకీ మైదానానికీ మధ్య అథ్లెటిక్స్ ట్రాక్ ఉండటం వల్ల కింది వరుసల్లో కూర్చున్నవారికి అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతున్నదో సరిగా అందదు, కనుక పై వరుసల్లో చోటు చూసుకోవాలి. ఫుట్‌బాల్‌కు ఇది తగిన కట్టడం కాదనే నేనంటాను. అయినా వెస్ట్ బ్లాక్ బ్లూస్ అనే బెంగళూరు అభిమానుల బృందంవారు డ్రమ్ములు మోగిస్తూ, నిలబడే పాడుతూ ఉంటే ఆ దూరం గుర్తుకే రాదు.

ఆసియా క్లబ్బుల టోర్నీ అయిన ఏఎఫ్‌సీ కప్ 2016 సెమీఫైనల్‌లో మలేషియా జట్టు జొహోర్ దారుల్ తాజిమ్‌ను బెంగళూరు 3–1తో ఓడించినది ఈ మైదానంలోనే. అందులో రెండు గోల్స్ సునీల్ ఛెత్రీవి. ఆ గెలుపుతో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ చేరిన తొలి భారతీయ క్లబ్‌గా అది నిలిచింది. విరామంలో ఈ సంగతి చెప్పగానే, అంతదాకా క్రికెట్ స్కోరు చూసుకుంటున్న బావగారు ఫోను జేబులో పెట్టేశారు.