ఫోన్ కెమెరా ముందు మా సబ్ సెంటర్: ఎన్‌క్వాస్ సర్టిఫికెట్ దాకా నా అనుభవం

"మీ సెంటర్ పేరు ఎన్‌క్వాస్‌కి పంపిస్తున్నామమ్మా, రెడీ అవ్వండి" అని పీహెచ్‌సీ నుంచి డాక్టర్ గారు ఫోన్ చేసింది ఒక బుధవారం. బుధవారం అంటే మాకు టీకాల రోజు. ఒక పక్క పసివాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు, నేను ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వయల్ మీద కలిపిన టైమ్ రాస్తున్నాను, ఎందుకంటే కలిపాక నాలుగు గంటలు దాటితే అది పారేయాల్సిందే. ఆ హడావిడిలో "సరే సార్" అనేశాను. సాయంత్రం ఇంటికెళ్ళి చెక్‌లిస్ట్ పీడీఎఫ్ తెరిచాక గానీ దేనికి సరే అన్నానో అర్థం కాలేదు.

నేను సీహెచ్‌ఓని, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. కొంతమంది ఎమ్‌ఎల్‌హెచ్‌పీ అంటారు. ఊళ్ళో మాత్రం నర్సమ్మే. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్ సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టినప్పుడు వచ్చిన పోస్టు ఇది, 2023 చివర్లో వాటి పేరే ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అయింది, బోర్డు మళ్ళీ రాయించాం. మైదాన ప్రాంతాల్లో 5 వేల జనాభాకి ఒక సెంటర్ అని లెక్క. నేను, ఏఎన్‌ఎం అక్క, ఆశాలు, అంతే మా బలగం. డాక్టర్ కావాలంటే ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ వీడియోలో, దూరంగా కూర్చునే హబ్ డాక్టర్‌తో మాట్లాడించాలి, లేదంటే పీహెచ్‌సీకి పంపాలి. నాలాగే ఒంటరిగా సెంటర్ నడుపుతూ, ఇలాంటి ఫోన్ వచ్చి గుండెలో రాయి పడ్డవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఇదేంటో రెండు ముక్కల్లో చెప్తాను. ఎన్‌క్వాస్ అంటే ప్రభుత్వ ఆసుపత్రులకు కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన జాతీయ నాణ్యతా ప్రమాణాలు. ముందు జిల్లా ఆసుపత్రులకు వచ్చాయి, తర్వాత మెట్లు దిగుతూ మా దాకా వచ్చాయి. మొత్తం 8 విభాగాలు: ఏ సేవలు ఇస్తున్నాం, రోగి హక్కులు, వసతులు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఇలా. ప్రతి పాయింట్‌కీ సున్నా, ఒకటి, రెండు మార్కులు. మొత్తమ్మీద 70 శాతం దాటాలి. సబ్ సెంటర్ స్థాయిలో 12 సేవా ప్యాకేజీలు (గర్భిణుల సంరక్షణ, బీపీ-షుగర్ లాంటివి) ఉంటాయి, కనీసం ఏడింటికి అప్లై చేయాలి. ఇంతకుముందైతే అసెసర్లు ఊరికి వచ్చేవాళ్ళు, 2024 జూన్ 28 నుంచి సబ్ సెంటర్లకు వర్చువల్ అసెస్‌మెంట్ మొదలుపెట్టారు. అంటే వాళ్ళు ఎక్కడో కూర్చుంటారు, మనం ఫోన్ పట్టుకుని సెంటరంతా తిప్పి చూపించాలి. విన్నప్పుడు "అమ్మయ్య, ఎవరూ రారు" అనుకున్నాను. అది ఎంత తప్పో తర్వాత చెప్తాను.

మొదటి పని, మనకు మనమే మార్కులు వేసుకోవడం. నేనూ ఏఎన్‌ఎం అక్కా రెండు రోజులు కూర్చుని చాలా నిజాయితీగా వేశామనుకున్నాం, 84 శాతం వచ్చింది. అక్క అయితే స్వీట్లు తెప్పిద్దామా అంది. వారం తర్వాత జిల్లా నుంచి క్వాలిటీ కన్సల్టెంట్ మేడమ్ వచ్చారు. కుర్చీలో కూడా కూర్చోకుండా నేరుగా నా టేబుల్ దగ్గరికొచ్చి గ్లూకోమీటర్ స్ట్రిప్పుల డబ్బా చేతిలోకి తీసుకున్నారు. "ఇది ఎప్పుడు తెరిచారమ్మా?" నాకు గుర్తులేదు. డబ్బా మీద ఎక్స్‌పైరీ డేట్ ఉంది కదా మేడమ్ అన్నాను. "అది మూత తీయని డబ్బాకి. మూత తీశాక ఇన్ని నెలల్లోనే వాడాలని ఇదిగో ఇక్కడే రాసి ఉంది." సన్న అక్షరాలు, నిజంగానే ఉంది. మూడేళ్ళుగా రోజూ ఆ డబ్బా పట్టుకుంటున్నాను, ఒక్కసారి చదవలేదు. అంటే నేను ఊళ్ళో వాళ్ళకి చెప్పిన షుగర్ నంబర్లలో ఎన్ని నిజమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మేడమ్ వేసిన లెక్కలో మాకు 58 వచ్చింది.

తేడా ఎక్కడంటే, మేం "చేస్తున్నాం కదా" అనుకుని రెండు వేసుకున్న ప్రతిచోటా ఆవిడ "ఎక్కడుంది చూపించు" అని అడిగారు. చెక్‌లిస్ట్‌లో ప్రతి పాయింట్ పక్కనా అది ఎలా తెలుసుకోవాలో ఉంటుంది: కళ్ళతో చూడాలా, సిబ్బందిని అడగాలా, రికార్డు చూడాలా, రోగిని అడగాలా అని. మేం ఆ కాలమ్ చూడనే లేదు. మీరు ఇంకేమీ చదవకపోయినా అది మాత్రం చదవండి.

ఇక సాయం సంగతి. గైడ్‌లైన్స్ పుస్తకాలు, ఆన్‌లైన్ ట్రైనింగులు, వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డ్ అయ్యే పీపీటీలు, వీటికి కొదవ లేదు, వీటితో నా ఫోన్ మెమొరీ నిండిపోయింది. నిజంగా ఉపయోగపడినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్నిటికన్నా ముందు ఆ కన్సల్టెంట్ మేడమే. తిట్టలేదు, ఒక కాగితం మీద గ్యాప్‌లన్నీ మూడు కుప్పలుగా రాసిచ్చారు: డబ్బు అక్కర్లేనివి, ఊరి వాళ్ళు చేయగలిగినవి, పైనుంచి రావాల్సినవి. మొదటి కుప్పే పెద్దది. మందుల్లో ముందు ఎక్స్‌పైర్ అయ్యేవి ముందు వరుసలో పెట్టడం, పసుపు, ఎరుపు, నీలం, తెలుపు డబ్బాల్లో ఏ చెత్త ఎందులో వేయాలో మాటల్లో కాకుండా చేతల్లో చూపించడం, చేతులు కడుక్కునే ఆరు స్టెప్పులు, ఇలాంటివి. వీటికి పైసా ఖర్చు లేదు, చాదస్తం ఉంటే చాలు.

రెండో కుప్పకి జన్ ఆరోగ్య సమితి, అంటే సెంటర్ బాగోగులు చూసే ఊరి కమిటీ. దీనికి సర్పంచ్ గారు ఛైర్మన్, సీహెచ్‌ఓ మెంబర్ సెక్రటరీ అని నాకూ తెలుసు, కానీ అప్పటిదాకా మా మీటింగులంటే మినిట్స్ బుక్‌లో సంతకాలే. ఈసారి సర్పంచ్ గారిని సెంటర్‌కి పిలిచి, మోకాళ్ళ నొప్పుల పెద్దాయన మా మెట్లు ఎక్కడం చూపించాను. మాట్లాడలేదు ఆయన. మర్నాడు మేస్త్రీ వచ్చాడు, ర్యాంప్, దాని పక్కన పట్టుకోడానికి పైపు. సెంటర్ చిన్న చిన్న అవసరాలకి ప్రభుత్వం ఇచ్చే అన్‌టైడ్ ఫండ్ బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియదు కాబట్టి సిమెంట్ ఆయనే అప్పు తెచ్చారు.

మూడో కుప్ప అలాగే మూలిగింది. సబ్ సెంటర్‌లో 105 రకాల మందులు, 14 పరీక్షలు ఉండాలని లిస్టు ఉంది. ఇండెంట్ (కావాల్సిన మందుల జాబితా) పెడతాం, వచ్చినవి వస్తాయి, రానివి రావు. రాని మందు దగ్గర సున్నా వేస్తారు, ఆ సున్నా మన ఖాతాలో పడుతుంది, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక్కటే ఊరట, ఇండెంట్ కాపీ ఉంటే మనం అడిగామని అయినా చూపించొచ్చు. అడిగిన ప్రతిదానికీ కాపీ దాచండి.

ఇంకో సాయం పక్క మండలంలో ఇదివరకే సర్టిఫికెట్ తెచ్చుకున్న సీహెచ్‌ఓ చెల్లి. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే కూడా విసుక్కోలేదు. "అక్కా, రిజిస్టర్లు కొత్తవి తయారుచేయకు, ఉన్నవాటినే వరసలో పెట్టు, దొంగ ఎంట్రీలు అస్సలొద్దు, రెండు ప్రశ్నల్లో దొరికిపోతాం" అంది. ఆ మాట విని బీపీ, షుగర్ రిజిస్టర్ ముందు వేసుకుని ఒక్కొక్క పేరు పక్కన ఆఖరుసారి ఎప్పుడొచ్చారో రాయడం మొదలుపెట్టాను. రాస్తూ పోతుంటే పదకొండు మంది తేలారు, మూడు నెలలుగా మాత్రల కోసం రానివాళ్ళు. రోజూ ఇంతమంది వస్తుంటారు కాబట్టి రానివాళ్ళు నా కంట పడలేదు. ఆశాలు ఇళ్ళకెళ్తే ఇద్దరు వలస వెళ్ళారు, నలుగురు "తగ్గిపోయిందిగా" అని మానేశారు, ఒకాయన బీపీ చూస్తే 190 మీద ఉంది, అదే రోజు ఈ-సంజీవనిలో డాక్టర్‌కి చూపించి ఆయన చెప్పినట్టు పీహెచ్‌సీకి పంపాం.

కానీ ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ రెండు నెలలు గోడలకి పోస్టర్లూ ఫైళ్ళకి లేబుళ్ళూ అంటూ మేం ఊళ్ళోకి వెళ్ళడం తగ్గించాం. క్వాలిటీ కోసం పని ఆపుకోవడం ఏంటని అక్క ఒకరోజు గట్టిగానే అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

అసెస్‌మెంట్ రోజు. మా సెంటర్‌లో సిగ్నల్ సరిగ్గా అందేది వరండాలో వేపచెట్టు వైపు మూల మాత్రమే. పంచాయతీ ఆఫీసు కుర్రాడు వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ పెట్టి కిటికీ బయట నిలబడ్డాడు, మేం ఏ గదికెళ్తే ఆ కిటికీకి వాడు. ఆశా ఒకామె ఫోన్ పట్టుకుంది. ఎవరూ రారు కాబట్టి సులువు అనుకున్నానని చెప్పాను కదా, మనిషి వస్తే గది మొత్తం ఒకసారి చూస్తాడు, కెమెరా అలా కాదు, "అక్కడ ఆపండి, కొంచెం దగ్గరికి, ఆ లేబుల్ చదవండి" అంటుంటే అరలో మూలన ఉన్న డబ్బా కూడా తప్పించుకోదు.

ఎనాఫిలాక్సిస్ కిట్ తెరవమన్నారు. టీకా వేశాక ఎవరికైనా తీవ్రమైన రియాక్షన్ వస్తే వాడే అడ్రినలిన్ అందులో ఉంటుంది. ఆంప్యూల్ పట్టుకుని ఎక్స్‌పైరీ చదివాను, వయసును బట్టి డోస్ ఎంతో చార్ట్ చూపించాను. "ఎక్కడ ఇస్తారు?" తొడ మధ్యలో బయటి వైపు, కండలోకి, అని అక్క నాకంటే ముందే చెప్పింది. ఆశాని కూడా వదల్లేదు: ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఎన్నిసార్లు వెళ్తావు అంటే, ఫోన్ పట్టుకున్న చెయ్యి కదలకుండా "3, 7, 14, 21, 28, 42వ రోజులు సార్, ఆరుసార్లు" అని గడగడా చెప్పేసింది. అప్పుడు ఇంకొకామె ఫోన్ అందుకుని ఆమె మొహం చూపించింది.

తర్వాత రోగితో మాట్లాడించమన్నారు. బెంచీ మీద బీపీ మాత్రల కోసం వచ్చిన అవ్వ ఉంది. మేం ఎవరికీ నేర్పిపెట్టలేదు, ఆ విషయంలో నాకు భయం కూడా ఉంది. "అవ్వా, ఇక్కడ ఏమేం చూస్తారు?" అని ఫోన్లోంచి అడిగారు. "బీపీ చూత్తారు, షుగర్ చూత్తారు, నెలకి సరిపడా బిళ్ళలిత్తారు. ఇంకేం చూత్తారో ఆ పిల్లనే అడగండి, వారం నుంచీ గోడలకి కాయితాలు అంటిత్తానే ఉంది" అంది. అటువైపు నవ్వు వినపడింది, సరిగ్గా అప్పుడే కాల్ కట్ అయింది. మళ్ళీ కలిసేదాకా పట్టిన నాలుగు నిమిషాల్లో నాకు పట్టిన చెమట జన్మలో పట్టలేదు.

కొన్ని వారాలకి పాస్ అయ్యామని మెసేజ్ వచ్చింది. దాంతో పాటు ఎక్కడెక్కడ మార్కులు పోయాయో కూడా వచ్చింది, మందుల దగ్గర పోతాయని ముందే తెలుసు, నేను ఊహించనిది రోగి ప్రైవసీ: బీపీ చూసే టేబుల్‌కి కర్టెన్ ఉంది గానీ మాటలు బెంచీ దాకా వినపడతాయట. నిజమే, వినపడతాయి. ఇప్పుడు బెంచీని వరండాలోకి జరిపాం.

సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది, మధ్యలో రాష్ట్రం తరఫున మళ్ళీ చూస్తారు. ఏడు ప్యాకేజీలకి ఏడాదికి 1,26,000 రూపాయల ఇన్సెంటివ్ అన్నారు. దాని మీద సమితి మీటింగ్‌లో మొదటిసారి సంతకాలు కాకుండా గొడవ జరిగింది, ఒకరేమో గేటుకి ఆర్చ్ కట్టిద్దాం అంటారు, అక్కేమో ఇన్వర్టర్ అంటుంది, కరెంటు పోతే ఈ-సంజీవని మధ్యలో ఆగిపోతోంది కాబట్టి నేనూ ఇన్వర్టరే అన్నాను. ఇంకా తేలలేదు.

నిన్న కొత్త స్ట్రిప్పుల డబ్బా తెరిచాను. మార్కర్ కనపడక, డేట్ రాసే వరకూ మూత తీయకూడదని అక్క ఒట్టు పెట్టుకుంది కాబట్టి, షుగర్ పరీక్షకి వచ్చినాయన్ని కూర్చోబెట్టి ఇద్దరం ఐదు నిమిషాలు మార్కర్ వెతికాం.