చుక్కలు రాలిపోయిన తర్వాతి వారం

మా వంద లీటర్ల అక్వేరియంలోకి నాలుగు కొత్త మోలీ చేపలను తెచ్చి వదిలిన ఐదో రోజున, ఒక పాత గప్పీ చేప తోకపై ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు మూడు కనిపించాయి. అంతకు రెండు రోజుల ముందు నుంచే అది అడుగున ఉన్న రాయికి ఒళ్ళు రాసుకుంటూ ఉండగా చూశాను గాని, ఆడుకుంటోందని అనుకున్నాను. అది ఆట కాదు, దురద.

తెల్లచుక్కల వ్యాధికి అమ్మే మందును సీసాపై రాసిన మోతాదులో వేశాను. మూడో రోజుకు చుక్కలన్నీ మాయమయ్యాయి. వ్యాధి నయమైందని సంతోషించి మందు ఆపేశాను. వారం తిరగకుండానే తొట్టిలోని ప్రతి చేప ఒంటిపైనా చుక్కలు తేలాయి.

ఇక్థియోఫ్థిరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ జీవి ఈ వ్యాధికి కారణం. మనకు కనిపించే చుక్క, ఆ జీవి చేప చర్మపు పైపొర కింద చేరి తింటూ పెరిగే దశ. అక్కడ ఉన్నంతసేపూ నీటిలో కలిపిన మందు దాన్ని తాకలేదు. పెరిగాక అది తనంతట తానే చేపను వదిలి, గులకరాళ్ళ మధ్య అంటుకొని, చుట్టూ పొర కట్టుకొని, లోపల వందల సంఖ్యలో పిల్ల జీవులుగా చీలుతుంది. అవి బయటికి వచ్చి ఈదుతూ సుమారు రెండు రోజుల్లోగా ఒక చేపను పట్టుకోలేకపోతే చనిపోతాయి, మందు పనిచేసేది కూడా ఈదుతున్న ఈ కొద్ది సమయంలోనే. అంటే చుక్కలు రాలిపోయిన రోజున నేను చూసింది మందు ప్రభావం కాదు, ఆ పురుగు తన పని ముగించుకొని దిగిపోవడం. పైగా ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్ (నీటిని శుద్ధి చేసే బొగ్గు) సంచిని తీయడం మరిచిపోయాను గనుక, వేసిన మందులో చాలా భాగాన్ని అదే పీల్చేసుకుంది.

రెండోసారి కార్బన్ సంచి తీసేసి, మందుకు బదులు వేడిని, ఉప్పును నమ్ముకున్నాను. హీటర్‌ను ఒక్కో డిగ్రీ చొప్పున పెంచుతూ రెండు రోజుల్లో 30 డిగ్రీలకు తెచ్చాను. వేడి ఆ పురుగు జీవితచక్రాన్ని తొందరపెడుతుంది, కాబట్టి అది త్వరగా చర్మం వదిలి బయటపడుతుంది. అయితే వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది గనుక ఎయిర్ పంపును రాత్రింబవళ్ళు నడపవలసి వచ్చింది. లీటరుకు రెండు గ్రాముల లెక్కన ఉప్పును విడిగా కరిగించి, విడతలుగా కలిపాను. ఆవిరైన నీటిని భర్తీ చేసేటప్పుడు మళ్ళీ ఉప్పు వేయకూడదు, ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. ఈ చిన్న లెక్క తప్పితే తొట్టి మెల్లగా సముద్రమవుతుంది. గులకరాళ్ళ మధ్య పేరుకున్న మడ్డిని రోజు విడిచి రోజు గొట్టంతో లాగేశాను. చివరి చుక్క పోయిన తర్వాత కూడా పది రోజుల పాటు ఏమీ మార్చలేదు. పాత గప్పీలలో రెండింటిని మాత్రం కాపాడుకోలేకపోయాను. మొప్పల్లో చేరిన పురుగు కంటికి కనిపించదు.

ఈ అనుభవంతో వచ్చిన ధీమాయే మరుసటి ఏడాది దెబ్బతీసింది. ఒక మోలీ మూతి చుట్టూ బూడిద తెలుపు పొర కనిపించగానే హీటర్ పెంచాను. అది చుక్క కాదు, దూది అంటినట్లున్న మచ్చ. కాలమ్నారిస్ అనే బాక్టీరియా వ్యాధి. దానికి వేడి మరింత అనుకూలం, మర్నాటికే చేప చనిపోయింది. ఆ సాయంత్రం నీటిని పరీక్షించి చూస్తే సున్నా ఉండవలసిన అమ్మోనియా, అంటే చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం, బాగా పెరిగి ఉంది. మొదటే టెస్ట్ కిట్ తీసి, సగం నీరు మార్చి ఉంటే బాగుండేది. చేప నీరసించినప్పుడు నా చేయి ముందుగా మందు సీసా వైపు వెళ్ళడం అప్పటి నుంచి మానింది.

ఇప్పుడు కొత్త చేపలకు ఇరవై లీటర్ల విడి తొట్టి ఉంది. అందులోని స్పాంజిని మామూలు రోజుల్లో పెద్ద ఫిల్టర్‌లోనే ఉంచుతాను, వ్యర్థాలను హరించే మంచి బాక్టీరియా దానిలో సిద్ధంగా ఉండాలి కదా. వలను, గొట్టాన్ని కూడా ఆ తొట్టికి వేరుగా పెట్టాను. కొత్త చేపలు అక్కడ నాలుగు వారాలు గడపాలి. ప్రస్తుతం ఉన్న రెండు మోలీలకు ఇది పదకొండో రోజు, వాటిలో ఒకటి నిన్నటి నుంచి రెండుసార్లు కుండపెంకుకు ఒళ్ళు రాసుకుంది.