సెయింట్ ఆండ్రూస్‌లో ఆదివారం
స్కాట్లాండ్‌లోని మా ఊరు చూడటానికి శనివారం వచ్చిన మిత్రులు ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణమైతే ప్రాణం ఉసూరుమంటుంది. రాత్రికి ఉండిపోండి! ఆదివారం ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో మామూలుగా ఆట ఉండదు. అంత పేరున్న ఆ పచ్చికపై ఎవరైనా నడవవచ్చు. పిల్లలూ కుక్కలూ కలిసి పరుగులు తీస్తుంటే చూడాలి. కాలేజీ నడిచే రోజుల్లో చర్చి ప్రార్థన ముగియగానే విద్యార్థులు రేవు గోడ మీద బారులు తీరతారు. వాళ్ల ఎర్రటి గౌన్లు గాలికి రెపరెపలాడుతుంటాయి. 1158లో కట్టడం మొదలైన కెథడ్రల్ శిథిలాలూ ఆ పక్కనే.

రైలు పక్కనున్న లూకర్స్ స్టేషన్ వరకే, అక్కడ బస్సు ఎక్కాలి. వేసవైనా స్వెటర్ తెచ్చుకోండి. వెస్ట్ శాండ్స్ బీచ్‌లో చేపల పొట్లం విప్పేటప్పుడు జాగ్రత్త, సముద్రపు పక్షులు చేతిలోంచే తన్నుకుపోతాయి.