ఎవరూ తెరవని పట్టిక

పద్దుల విభాగం నుంచి ప్రతి నెలా పైకి వెళ్లే నివేదికలను కొన్నేళ్లపాటు నేనే తయారుచేశాను. వాటిలో ఖాతాదారుల బాకీల పట్టికను ఏడాదిగా ఎవరూ తెరవలేదని తెలిసినప్పుడు చాలా బాధ కలిగింది. అయితే దానిని చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలన్నది నేనూ ఆలోచించలేదు.

పాఠ్యపుస్తకాలు నివేదికలను నిర్ణీత వ్యవధుల్లో వచ్చేవి, ప్రత్యేకమైనవి అనీ, సమాచారాత్మకమైనవి, విశ్లేషణాత్మకమైనవి అనీ విభజిస్తాయి. ఈ విభజన అవసరమే గానీ, నివేదిక ఎంత తరచుగా రావాలో తేల్చేది దాని వెనుక ఉన్న నిర్ణయమే. 1854లో అమెరికాలోని న్యూయార్క్-ఈరీ రైలుమార్గానికి జనరల్ సూపరింటెండెంట్ అయిన డేనియల్ మెకల్లమ్, 50 మైళ్ల మార్గాన్ని ఒక అధికారి స్వయంగా చూసుకోగలడు గానీ 500 మైళ్ల మార్గాన్ని అలా నడపలేడని గుర్తించి, రైళ్ల స్థితిగతులను టెలిగ్రాఫ్ ద్వారా గంటగంటకూ, మిగతా వివరాలను రోజువారీగా, నెలవారీగా తెప్పించుకునే పద్ధతి నెలకొల్పాడు. రైలు ఎక్కడ ఆగిందో నెలాఖరున తెలిస్తే ప్రయోజనం లేదు. ఖర్చుల పోలికకు మాత్రం నెల గడువు చాలు.

అనుకున్న ఖర్చుకూ, అయిన ఖర్చుకూ మధ్య తేడాను చూపే బడ్జెట్ వ్యత్యాస నివేదిక కూడా ఇలాంటిదే. ముడిసరుకు ఖర్చు పెరిగిందని మాత్రమే చెబితే బాధ్యులెవరో తేలదు. ధర పెరగడం వల్ల ఎంత, వాడకం పెరగడం వల్ల ఎంత అని విడదీస్తే మొదటిది కొనుగోలు విభాగాన్ని, రెండోది ఉత్పత్తి విభాగాన్ని అడగవలసిన ప్రశ్న అవుతుంది. హద్దు దాటిన అంశాలనే చూపే మినహాయింపు నివేదిక యాజమాన్యం సమయాన్ని ఆదా చేస్తుంది కానీ, హద్దుకు లోపలే నెలనెలా కొద్దికొద్దిగా దిగజారేదానిని అది చూపదు. అందుకే దానికి తోడుగా గత నెలల ధోరణిని కూడా జతచేయాలని నేను గట్టిగా నమ్ముతాను. కొత్త పెట్టుబడికి ముందు రాసే సాధ్యాసాధ్యాల నివేదికలో సిఫార్సు మొదటి పేజీలోనే ఉండాలి.

ఇక నా పట్టిక సంగతి. మొత్తం బాకీ మారకపోయినా, అందులో 90 రోజులు దాటిన భాగం పెరుగుతూ ఉంటే వసూలు కష్టమవుతోందని అర్థం. ఎవరికి అరువు ఆపాలో, రానిబాకీల కోసం ఎంత పక్కన పెట్టాలో అక్కడే తెలుస్తుంది. ఆ పట్టికను 30, 60, 90 రోజుల వరుసల్లోకి మార్చి, పాత బాకీలున్న ఖాతాదారులను పైన ఉంచి పంపాను. ఆ వారమే అమ్మకాల విభాగాధిపతి ఫోన్ చేసి, మొదటి రెండు పేర్ల బిల్లుల వివరాలు అడిగారు.