ఎండ లోయలో వడియాలు

మొన్న జూలైలో ఒక బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా తలుపుకి ఒక కాగితం టేపుతో అంటించి ఉంది. పైన పెద్ద అక్షరాలతో 'కర్టెసీ నోటీస్'. అంటే ఈసారికి మర్యాదగా చెప్తున్నాం, రెండోసారి ఇంత మర్యాద ఉండదు అని. బాల్కనీ రెయిలింగ్ మీద బట్టలు వేయడం, బాల్కనీలో ఆహార పదార్థాలు ఆరబెట్టడం లీజుకి విరుద్ధం, 24 గంటల్లో తీసేయండి అని రెండు ముక్కలు రాసి, సాక్ష్యంగా ఒక ఫొటో కూడా జతచేశారు. ఫొటోలో మా అమ్మ మంగళగిరి చీర, లేత ఆకుపచ్చది, రెయిలింగ్ మీద నుంచి సగం కిందికి వేలాడుతోంది. దాని వెనక స్టూల్‌కి కట్టిన నల్ల గొడుగు. గొడుగు పక్కన పాత పంచె మీద వరసలు తీరి బూడిద గుమ్మడి వడియాలు. నిజం చెప్పొద్దూ, ఫొటో చక్కగా వచ్చింది.

నేను చేసిన మొదటి పని అమ్మ మీద అరవడం. "ఇదేమన్నా తెనాలా అమ్మా, చెప్పానా లేదా, ఇక్కడ ఇలాంటివి కుదరవని?" అన్నాను. చెప్పలేదు నిజానికి. చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. అమ్మ ఏమీ అనలేదు. చీర తీసి మడతపెట్టింది, ఇంకా తడిగానే ఉంది. వడియాలు గుడ్డతో సహా జాగ్రత్తగా ఎత్తి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. "ఇంకొక్క ఎండ తగిలితే చాలు" అంది, అంతే. ఆ రాత్రి ముగ్గురం సోఫాలో కూర్చుని తిన్నాం.

అప్పటినుంచి ఆ కాగితం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. ఎవరిమీద కోపమో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

మేముండేది సన్నీవేల్. కాలిఫోర్నియాలో శాన్ హోసేకి పక్కనే. పేరుకి అర్థమే ఎండ లోయ. పేరు పెట్టినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఏప్రిల్‌లో ఆఖరి జల్లు పడిందంటే మళ్ళీ అక్టోబరు చివరో నవంబరో వచ్చేదాకా ఆకాశంలో మబ్బు కనిపించడమే అరుదు. గాలిలో తేమ లేదు, చెమట పట్టదు. పన్నెండింటికి ఆరేసిన తువ్వాలు రెండున్నరకల్లా అప్పడంలా తయారవుతుంది. వచ్చిన మొదటి వారంలోనే అమ్మ బాల్కనీలో నిలబడి చెయ్యి చాపి ఎండని చూసింది, కూరగాయల బండి దగ్గర వంకాయని నొక్కి చూసినట్టు. "ఇంత మంచి ఎండని ఏం చేసుకుంటున్నారే మీరు?" అని అడిగింది. ఏం చేసుకుంటున్నాం? బ్లైండ్స్ దించి లాప్‌టాప్ తెరమీద పడకుండా చూసుకుంటున్నాం.

ఇంటి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇండియాలో ఉన్నవాళ్ళు వేరేలా ఊహించుకుంటారు. టెక్ కంపెనీల ఊరు అనగానే అద్దాల టవర్లు అనుకుంటారు. మా అపార్ట్‌మెంట్ 1970లలో చెక్కతో కట్టిన రెండంతస్తుల వరస. మధ్యలో ఎవరూ దిగని స్విమ్మింగ్ పూల్, వెనక కార్లకు రేకుల చూరు. పైవాళ్ళు నడిస్తే కిందవాళ్ళ ట్యూబ్‌లైటు అదురుతుంది. రెండు బెడ్‌రూములకి నెలకు 3,450 డాలర్లు. ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉండదు, పెట్టుకోనివ్వరు. ఉమ్మడి లాండ్రీ గదిలో ఉతకడానికి రెండున్నర డాలర్లు, ఆరబెట్టడానికి ఇంకో రెండున్నర. ఆదివారం ఉదయం ఆ గదిలోకి వెళ్తే నలుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళు, నాలుగో ఆయన తమిళం. సాయంత్రం పార్కులో పిల్లల్ని పిలిచే కేకల్లో మన భాష వినబడుతూనే ఉంటుంది. అద్దె ఏటా పెరుగుతుంది. పాత బిల్డింగులకి 2020 నుంచి రాష్ట్రం ఒక హద్దు పెట్టింది: ధరల పెరుగుదల శాతానికి ఇంకో అయిదు శాతం కలిపి, ఎంత చేసినా ఏడాదికి పది శాతం దాటకూడదు. మాకు ఏటా ఆ హద్దు దగ్గరదాకా వచ్చి ఆగుతారు. కొనుక్కోవచ్చు కదా అంటారు ఊళ్ళో. మామూలు ఇల్లు రెండు మిలియన్ల డాలర్లు దాటింది. మా ఆయనకీ నాకూ హెచ్1బీ. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి. ముప్పై ఏళ్ళ అప్పు సంతకం పెట్టడానికి మా ఇద్దరికీ చెయ్యి రాలేదు, అదీ సంగతి.

సరే, బట్టల దగ్గరికి వద్దాం. అమ్మకి ఆ డ్రయ్యర్ అంటే పడదు. ఎవరెవరి బట్టలు పడ్డాయో ఆ డబ్బాలో, అందులో నా చీర వేసి మళ్ళీ అదే కట్టుకుని దీపం పెట్టనా అంటుంది. మడి సంగతి పక్కన పెట్టినా, నేత చీర ఒకసారి ఆ వేడిలో తిరిగొస్తే అంచు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు లాక్కుపోతుంది. అది నేను ఒక వెంకటగిరి చీర పోగొట్టుకుని నేర్చుకున్నాను. బయట ఎండ ఊరికే కాస్తోంది, లోపల మెషిన్ కరెంటు తింటూ అదే పని చేస్తోంది. కరెంటు చూస్తే యూనిట్ 40 సెంట్లకి అటూ ఇటూ. కంపోస్ట్ కింద కూరగాయ తొక్కలు వేరు చేయమని చెప్పే ఊరు, కరువు వస్తే స్నానం తొందరగా ముగించమని చెప్పే ఊరు, ఒక చీరని ఎండలో వేస్తే మాత్రం ఓర్చుకోలేదా? చూపుకి బాగోదట. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ పన్ను కడుతున్నాను, మా అమ్మ చీర చూపుకి బాగోదా?

అలా ఉడికిపోతూ రాత్రి పదకొండింటికి చట్టం వెతికాను. ఉంది! 2016 జనవరి నుంచి కాలిఫోర్నియాలో అద్దెకున్నవాళ్ళు తమ వాటా జాగాలో దండెమో స్టాండో పెట్టుకుని బట్టలు ఆరేసుకోవచ్చు. లేచి కూర్చున్నాను. కింద చదివితే, ఇంటి ఓనరు దానికి ఒప్పుకోవాలి. ఇంకా కిందికి పోతే, బాల్కనీ, రెయిలింగ్ లాంటివి దండెం కింద లెక్కకు రావు అని ప్రత్యేకంగా రాసిపెట్టారు. మా అమ్మ వస్తుందని ముందే తెలిసినట్టు. మళ్ళీ పడుకున్నాను.

మర్నాడు మా వదినకి ఫోన్ చేసి మొత్తం వెళ్ళబోసుకున్నాను. అయ్యో అంటుందనుకున్నాను. ఆవిడ నవ్వింది. హైదరాబాద్ నల్లగండ్లలో వాళ్ళ గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో కిందటి నెలే ఎవరో బాల్కనీ బట్టల ఫొటోలు ఫ్లాట్ నంబర్లతో సహా పెట్టారట, జరిమానా అన్నారట. "మీకు కాగితం అంటించారు, నయం, మాకు మూడొందల మంది చూశారు" అంది. నాకు ఏమనాలో తోచలేదు. నా దగ్గర ఉన్న ఒక్క ఆయుధం, 'మా ఊళ్ళో అయితేనా' అనేది, చేతిలోంచి జారిపోయింది. అయినా తెనాలిలో మా డాబా మీద దండెం ఇంకా ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

అమ్మ మాత్రం రోజూలాగే సాయంత్రం నడకకి వెళ్ళేది. మా వెనక వీధిలో విడి ఇళ్ళు. అందులో ఒక ఇంటి ముందు చిన్న ఆప్రికాట్ చెట్టు, నారింజ రంగు చిన్న పళ్ళు కాసేది. ఆ ఇంటావిడకి ఎనభై ఉంటాయి, చెట్టుకింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. అమ్మకి వచ్చిన ఇంగ్లీషు పదో తరగతిది. ఆవిడకి మన ముక్క ఒక్కటీ రాదు. ఇద్దరూ నెల రోజులుగా ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలియదు. నోటీసు వచ్చిన తర్వాతి శనివారం నన్నూ లాక్కెళ్ళింది. వెళ్ళగానే అమ్మ ఫోన్ తీసి ఆ ఫొటో చూపించింది. ఆ కాగితాన్ని ఎప్పుడు ఫొటో తీసుకుందో! నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఎన్ని రోజులు ఎండాలి?" అని అడిగింది. చీర సంగతి కాదు, వడియాల సంగతి.

మూడు రోజులన్నాను. ఆప్రికాట్లకి కూడా అంతే పట్టేదని చెప్పడం మొదలుపెట్టింది. ఈ లోయంతా ఒకప్పుడు పళ్ళతోటలు, అది నాకూ తెలుసు. డౌన్‌టౌన్ పక్కన పళ్ళ డబ్బాలా రంగులేసిన నీళ్ళ ట్యాంకు రోజూ చూస్తాను, పళ్ళని డబ్బాల్లో నింపే ఒకప్పటి లిబ్బీ ఫ్యాక్టరీది. మ్యూజియం దగ్గర ఊరు ఇప్పటికీ పది ఎకరాల ఆప్రికాట్ తోట కాపాడుకుంటోంది. కానీ ఇవన్నీ బోర్డు మీద చదివిన సంగతులు. ఆవిడ చేతులతో చూపించింది. వేసవి సెలవుల్లో పిల్లలంతా షెడ్డుల్లో నిలబడి పళ్ళు కోయడం, గాడివెంట కత్తి తిప్పి రెండు చెక్కలు చేసి గింజ తీసి, చెక్క ట్రే మీద కోసిన వైపు పైకి ఉండేలా వరసగా పేర్చడం, ట్రేకి ఇంతని డబ్బులు. రాత్రి గంధకం పొగ పెట్టి, తెల్లారి ఆ ట్రేలు నేలమీద పరిచేవారట. కనుచూపు మేర నారింజ రంగేనట. అమ్మకి నేను తెలుగులో చెప్తుంటే మధ్యలోనే, "అంటే ఒరుగులే కదే" అంది. మామిడి ఒరుగులు పెట్టినావిడకి అనువాదం అక్కర్లేదు.

ఆవిడ ఇల్లు 1974లో కొన్నారట. 1978లో ఇక్కడ జనం ఓటేసి తెచ్చుకున్న నియమం ప్రకారం ఆవిడ ఇంటి పన్ను 1975 నాటి విలువ లెక్కమీదే, ఏడాదికి రెండు శాతానికి మించి ఆ లెక్క పెరగదు. నేను మనసులో గుణించుకున్నాను, ఆవిడ ఏడాదంతా కట్టేది మా ఒక నెల అద్దెలో సగం కూడా ఉండదు. కుళ్ళుకున్నాను, దాచడం ఎందుకు. అదే నియమం వల్ల పాతవాళ్ళు ఇళ్ళు అమ్మరు, అమ్మకపోతే ధరలు దిగవు, మేము ఆ చెక్క బిల్డింగులో ఉంటాం. అంతా తెలుసు. ఆ లెక్కలు వేస్తూ ఉండగానే ఆవిడ లేచి పక్క గేటు తీసి మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ రెండు ఇనప గుంజల మధ్య దండెం, ఒక పాత చెక్క బల్ల. "ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అనరు" అంది.

సోమవారం నుంచి అమ్మ చీరలు ఆ దండెం మీద, వడియాలు ఆ బల్ల మీద. కాకుల కోసం మళ్ళీ నల్ల గొడుగు. ఇక్కడి కాకులు సామాన్యమైనవి కావు. 2022లో డౌన్‌టౌన్‌లో వాటిని తోలడానికి ఊరి సిబ్బంది ఆకుపచ్చ లేజర్లు, కాకి అరుపుల రికార్డింగులు పట్టుకుని తిరిగారు. అమ్మ గొడుగుకి ఒక్క కాకీ రాలేదు. రెండో విడతకి చైనీస్ కొట్లో వింటర్ మెలన్ అనే పేరుతో అమ్మే బూడిద గుమ్మడి చెక్క మళ్ళీ కొన్నాను. రాత్రి ముక్కలకి ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటకట్టి పైన కుక్కర్ బరువు పెట్టాం. పొద్దున్నే మినప్పిండి, పచ్చిమిర్చి కలిపి అమ్మ తీసుకెళ్ళింది. నేను ఆఫీసుకి వెళ్ళాను. వెళ్తూ, "ఆ రోజు అరవకుండా ఉండాల్సింది అమ్మా" అన్నాను. "ఏ రోజు?" అంది. గుర్తులేక అన్నదో, గుర్తుండే అన్నదో తెలియదు.

అక్టోబరులో అమ్మ వెళ్ళిపోయింది, వచ్చినప్పుడు ఇక్కడ ఉండడానికి ఇచ్చిన ఆరు నెలలు అయిపోవచ్చాయి. వెళ్ళే ముందు వడియాలు రెండు డబ్బాలు చేసి, ఒకటి మాకు, ఒకటి ఆవిడకి ఇచ్చింది. నూనెలో వేయించుకోవాలని చెప్పమని నాకు పురమాయించింది. ఆ హడావిడిలో, విమానం టెన్షన్‌లో, నేను మర్చిపోయాను. నిన్న ఆప్రికాట్ చెట్టు దగ్గర ఆగితే ఆవిడ డబ్బా తిరిగిచ్చింది, కడిగి తుడిచి. మొదట ఒకటి అలాగే కొరికి చూసిందట, పన్ను కదిలినంత పనైందట. తర్వాత అన్నీ చికెన్ సూపులో వేసుకుందట. చాలా బాగున్నాయంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు.