నలుపు తెలుపు ఫొటోలు: చూపు కుదిరింది డార్క్ రూమ్‌లోనే

బ్లాక్ అండ్ వైట్ ఫొటోగ్రఫీ మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలని. చేతిలో ఏది ఉంటే దానితోనే మొదలుపెట్టండి, కాకపోతే వీలైనంత తొందరగా మీ ఫొటోని మీ చేత్తోనే ఒక్కసారి కాగితం మీద ప్రింట్ వేయండి అంటాను. వెలుగునీడలను చూడటం నాకు అబ్బింది ప్రింట్లు వేయడం మొదలుపెట్టాకే. ఆ దారి ఎలా సాగిందో కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను మొదలుపెట్టింది డిజిటల్ కెమెరాతో. రా (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైల్), జెపెగ్ (మామూలు ఫొటో ఫైల్) రెండూ సేవ్ అయ్యేలా పెట్టి, పిక్చర్ స్టైల్‌ని మోనోక్రోమ్‌కి మార్చుకున్నాను. అప్పుడు వెనక స్క్రీన్ మీద నలుపు తెలుపు బొమ్మే కనిపిస్తుంది, రా ఫైల్‌లో మాత్రం రంగులన్నీ భద్రంగా ఉంటాయి. సాధన చేయడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

అలా తిరుగుతుంటే తెలిసిన మొదటి సంగతి, రంగుల్లో కొట్టొచ్చినట్టు కనిపించేవి ఇక్కడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని. పచ్చటి ఆకుల మధ్య ఎర్ర మందారాన్ని తీస్తే ఆకూ పువ్వూ దాదాపు ఒకే బూడిద రంగులో వచ్చాయి. మన కంటికి ఆ రెంటినీ విడదీసేది రంగు. దాన్ని తీసేస్తే మిగిలేది ఏది ఎంత వెలుతురుగా ఉందన్నదే, అక్కడ రెండూ ఇంచుమించు సమానం. కంప్యూటర్‌లో ఎరుపు స్లైడర్ పైకి జరిపితే పువ్వు తెల్లబడింది. కిందికి దింపితే నల్లబడి ఆకులు పైకి తేలాయి. ఒకే ఫైల్‌లోంచి ఇంత వేరుగా ఉన్న రెండు ఫొటోలు రావడం చూసి ఆ సాయంత్రమంతా కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

ఫిల్మ్ మీద ఈ పని లెన్స్ ముందు పెట్టే రంగు ఫిల్టర్ చేస్తుంది. ఫిల్టర్ తన రంగు వెలుతురుని వదిలి, ఎదుటి రంగుని అడ్డుకుంటుంది. ఎర్ర ఫిల్టర్ పెడితే నీలాకాశం బాగా నల్లబడి మేఘాలు తెల్లగా విడిపోతాయి. పసుపు ఫిల్టర్ అదే పనిని సున్నితంగా చేస్తుంది. ఎరుపు సుమారు మూడు స్టాపుల వెలుతురు తినేస్తుంది, పసుపు ఒక స్టాపు (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది, పెరిగితే రెట్టింపవుతుంది). నాకైతే పసుపే ఇష్టం. ఎర్ర ఫిల్టర్‌తో ప్రతి ఆకాశమూ ముంచుకొచ్చే తుఫానులా కనిపిస్తుంది, అది అన్ని ఫొటోలకీ నప్పదు.

ఫిల్మ్ వైపు వెళ్లడానికి కారణం మా మామయ్య. ఆయన దగ్గర పాత మాన్యువల్ కెమెరా, నెగటివ్‌ని పెద్దదిగా చేసి కాగితం మీద పడేలా చేసే ఎన్‌లార్జర్, ట్రేలు అన్నీ అట్టపెట్టెల్లో ఉండేవి. నా ఫొటోలు ఫోన్‌లో చూపిస్తే ఓపిగ్గా అన్నీ చూసి, "బాగున్నాయిరా, కానీ వీటిలో అసలైన నలుపు ఎక్కడుంది?" అన్నారు. మళ్లీ చూస్తే నిజమే. అన్నింటిలోనూ ఒకే మాదిరి బూడిద రంగు పరుచుకుని ఉంది. నలుపు ఎక్కడుందో చూపించమంటే ఆ పెట్టెలు దింపించారు.

రీలు కోసం ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఎంచుకున్నాను. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి ఫిల్మ్ స్పందించే వేగం, 400 కాబట్టి నీడలోనూ పని జరుగుతుంది. ఎక్స్‌పోజర్‌లో ఒక స్టాపు అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. ఆ కెమెరాలో లైట్ మీటర్ పనిచేయదు. దాంతో పాతవాళ్లు వాడిన ఎండ లెక్క నేర్చుకున్నాను: మంచి ఎండలో అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్16 పెట్టి, షట్టర్ స్పీడు ఐఎస్‌ఓకి దగ్గరగా పెట్టాలి. 400 ఫిల్మ్‌కి అది సెకనులో 500వ వంతు. పల్చటి మబ్బు పడితే ఒక స్టాపు తెరవాలి, దట్టమైన మబ్బైతే మూడు. మీటర్ లేకపోవడం మంచికే అయింది. కెమెరా కంటికి ఎత్తకముందే ఆకాశం వైపు, నేల మీద నీడల అంచుల వైపు చూసే అలవాటు అప్పుడే పడింది.

ఫిల్మ్ కడగడం చాలామంది భయపడేంత కష్టం కాదు. కష్టమల్లా ఒక్కచోటే. కటిక చీకట్లో రీలుని స్పైరల్‌లోకి, అంటే ఫిల్మ్‌ని పొరలు తగలకుండా చుట్టి ఉంచే గాడుల చక్రంలోకి, ఎక్కించాలి. ఇక్కడ ఎర్ర లైటు కూడా పనికిరాదు, ఎందుకంటే ఇప్పటి ఫిల్మ్‌లో ఎక్కువ భాగం పాంక్రోమాటిక్, అన్ని రంగుల వెలుతురుకీ స్పందిస్తుంది. మామయ్య పాడైన రీలు ఒకటి ఇచ్చి, ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని, చేయి తిరిగేదాకా ఎక్కించమన్నారు. ఫిల్మ్ కొసని రెండు మూలలా చిన్నగా ఏటవాలుగా కత్తిరిస్తే స్పైరల్ గాడిలో పట్టుకోకుండా జారుతుంది. స్పైరల్ మీద చుక్క తడి ఉన్నా ఫిల్మ్ అంటుకుపోతుంది కాబట్టి పూర్తిగా ఆరనివ్వాలి. చీకట్లో రెండు చేతులూ ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే ఫిల్మ్ లోపలికి వెళ్తున్న సన్నటి గరగర వినిపిస్తుంది. ఆ చప్పుడు సాఫీగా ఉన్నంతసేపూ ఏ టెన్షనూ అక్కర్లేదు.

ఆ స్పైరల్‌ని వెలుతురు చొరని ట్యాంక్‌లో పెట్టి మూత వేశాక ఇక లైటు వేసుకోవచ్చు. బొమ్మని తేల్చే రసాయనమైన ఐడీ-11 డెవలపర్‌ని నీళ్లు కలపకుండా వాడితే హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు ట్యాంక్‌ని తలకిందులు చేయాలి, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ అలాగే. ఉష్ణోగ్రతే ఇక్కడ ప్రాణం. వేడి పెరిగితే రసాయనం వేగంగా పనిచేస్తుంది, వెలుతురు భాగాలు నెగటివ్ మీద మరీ దట్టంగా పేరుకుంటాయి. అందుకే ట్యాంక్‌నీ సీసాలనూ చల్లటి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, థర్మామీటర్ సరిచూసుకున్నాకే మొదలుపెడతాను. ఆపైన డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ కొద్ది సెకన్లు, తర్వాత ఫిక్సర్, చివరగా నీళ్లు.

ఫిక్సర్ గురించి ఒక మాట. వెలుతురు తగలని వెండి లవణాలు కరిగిపోతేనే బొమ్మ నిలుస్తుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే హైపో అనే రసాయనానికి వెండి లవణాలను కరిగించే గుణం ఉందని కనిపెట్టారు. ఫొటోగ్రఫీ ప్రపంచానికి తెలిసిన 1839లో అదే హైపో బొమ్మలను నిలబెట్టడానికి పనికొచ్చింది. ట్యాంక్ తెరిచి, పాలలా మసకగా ఉండాల్సిన ఫిల్మ్ అద్దంలా తేటపడటం చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

ఇక ప్రింటింగ్. నా అనుభవమంతా నిజానికి ఇక్కడే ఉంది.

తలుపు కింద సందులు గుడ్డలతో మూసి, పేపర్‌ని పాడుచేయని ఎర్రటి సేఫ్‌లైట్ వేసుకున్నాం. ప్రింటింగ్ పేపర్ నీలం, పచ్చ వెలుతురుకే స్పందిస్తుంది కాబట్టి ఎర్రటి లైటులో నిశ్చింతగా పనిచేయొచ్చు. నేను ఎంచుకున్న నెగటివ్‌లో తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా, వెనక నీడలో మసిబారిన గోడ, పక్కన చెక్క తలుపు సగం తెరిచి ఉన్నాయి. నెగటివ్‌ని లైటుకి ఎత్తి చూస్తే చొక్కా నల్లటి ముద్దలా ఉంది, గోడ దాదాపు ఖాళీ ఫిల్మ్.

ముందు ఎన్ని సెకన్లు సరిపోతాయో తేల్చే టెస్ట్ స్ట్రిప్. పేపర్‌ని పట్టీగా కోసి, అట్టముక్కతో మూస్తూ ఐదేసి సెకన్లు పెంచుకుంటూ వెలుతురు ఇవ్వాలి. పట్టీ డెవలపర్‌లోకి దిగాక కాసేపు ఏమీ ఉండదు. ఆపైన ముదురు భాగాలు మెల్లగా తేలి, ఐదు మెట్ల చారలు వరసగా వస్తాయి. నిమిషం నిండకుండానే బయటికి తీయాలనిపిస్తుంది, ఎందుకంటే సేఫ్‌లైట్ కింద ఏదైనా ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. మామయ్య నా చేయి పట్టుకుని ఆపారు. "గడియారం చూడు, ప్రింట్‌ని చూడకు." తొందరపడి తీసిన ప్రింట్‌లో నలుపు ఎప్పటికీ పండదు.

పట్టీని చదివే పద్ధతి ఆయన చెప్పిందే ఇప్పటికీ పాటిస్తున్నాను. సెకన్లను తెలుపుని చూసి నిర్ణయించాలి, ఎన్‌లార్జర్‌లో పెట్టే ఫిల్టర్‌ని నలుపుని చూసి. చొక్కా మడతలు కనీకనిపించకుండా కనిపించే మెట్టు ఏదో ముందు పట్టుకోవాలి. అది పన్నెండు సెకన్ల దగ్గర దొరికింది. ఆ సమయంతో మొత్తం ప్రింట్ వేస్తే గోడ ముదురు బూడిదలో ఆగిపోయింది. అప్పుడు ఫిల్టర్ మార్చాలి. మల్టీగ్రేడ్ పేపర్‌లో కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, వెలుతురు రంగుతో మారుతుంది: పసుపు వైపు ఫిల్టర్లు దాన్ని మెత్తగా (తక్కువగా), మజెంటా వైపువి గట్టిగా (ఎక్కువగా) చేస్తాయి. వీటికి 00 నుంచి 5 దాకా నంబర్లుంటాయి. 2 నుంచి 3కి వెళ్లగానే తలుపు సందులో నిజమైన నలుపు పడింది. ఆ ఒక్క గీత పడేసరికి చొక్కా వెలిగిపోయింది. చొక్కాకిచ్చిన వెలుతురు పెద్దగా మారలేదు, మారింది పక్కనున్న నలుపు. మామయ్య ఫోన్ చూసి అడిగిన ప్రశ్న నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత భుజం దగ్గర తెలుపు మరీ ఖాళీగా ఉందని, అట్టకి చిన్న రంధ్రం చేసి అక్కడ మాత్రం మరి నాలుగు సెకన్లు వెలుతురిచ్చాం. దీన్ని బర్నింగ్ అంటారు. అట్టని నిలకడగా పట్టుకుంటే అంచు గీతలా పడుతుంది కాబట్టి చేయి ఆడిస్తూనే ఉండాలి. తీగకి అట్టబిళ్ల అంటించి వెలుతురుని ఆపడం డాడ్జింగ్. ఇదంతా ఫొటోని మార్చేయడం కాదా అని చాలామంది అడుగుతారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ అనే ఊరి మీద చందమామ ఉదయించే దృశ్యం తీసి, ఆ ఒక్క నెగటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూ వచ్చారు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు తెరలు కనిపిస్తాయి, తర్వాతి వాటిలో దాదాపు గాఢమైన నలుపు. నెగటివ్ దగ్గర పని అయిపోలేదని ఆయనే అనుకున్నప్పుడు మనం మొహమాటపడాల్సిన పనిలేదు.

విచిత్రంగా, ప్రింట్లు వేస్తున్న కొద్దీ నేను ఫొటో తీసే తీరు మారింది. నీడల్లో వివరం నెగటివ్‌లోకి రాకపోతే ఎంత ఫిల్టర్ మార్చినా ప్రింట్‌లోకి రాదని చేతులకి తెలిసింది. ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ సిస్టమ్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుగుని మెట్లుగా లెక్కించే పద్ధతి, అప్పటిదాకా పుస్తకంలో లెక్కలా ఉండేది. 0 అంటే పూర్తి నలుపు, 10 అంటే పూర్తి తెలుపు, మీటర్ దేన్ని చూసినా 5కి, అంటే నడిమి బూడిదకి లాగుతుంది. మీటర్‌ని నల్ల గోడకి చూపిస్తే అది గోడని బూడిద చేయమంటుంది. వివరం ఉన్న ముదురు నీడ కావాలంటే దాన్ని 3లో కూర్చోబెట్టాలి, అంటే మీటర్ చెప్పినదానికంటే రెండు స్టాపులు తగ్గించాలి. తెల్ల చొక్కాని కొలిస్తే రెండు స్టాపులు పెంచాలి. డార్క్ రూమ్‌లో గోడతో కుస్తీ పట్టాక ఈ లెక్క బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఎక్కడైనా నిలబడగానే ముందు వెతికేది అత్యంత ముదురు నీడని, అందులో నాకు ఏం కనిపించాలో తేల్చుకున్నాకే మిగతావి.

ఎన్‌లార్జర్ లేనివాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. నెగటివ్‌ని పేపర్ మీద పెట్టి, పైన అద్దం పలక ఉంచి, బల్బు కాసేపు వెలిగిస్తే కాంటాక్ట్ ప్రింట్ వస్తుంది. సైజు చిన్నదే అయినా టెస్ట్ స్ట్రిప్, నలుపు తెలుపుల బేరీజు అన్నీ అందులోనూ ఉంటాయి. డిజిటల్‌లో తీసేవాళ్లు ఫొటోని నెగటివ్‌గా మార్చి ఇంక్‌జెట్‌తో పారదర్శక షీట్ మీద ప్రింట్ తీసి, ఇదే పద్ధతిలో వేసుకోవచ్చు. చేతికి గ్లవ్స్, గదిలో గాలి ఆడటం తప్పనిసరి. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది కాబట్టి సింక్‌లో పారబోయకుండా రసాయన వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి.

నేను ఇప్పుడు ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ నుంచి ఫైబర్ పేపర్‌కి మారుతున్నాను. డెవలప్ కావడానికి ఎక్కువసేపు, కడగడానికి ఇంకా ఎక్కువసేపు, ఆరాక చుట్టుకుపోకుండా బరువు పెట్టాలి. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న తెలుపు ఆరేసరికి ఒక పిసరు ముదురుతుంది, దానికి ముందే కొద్దిగా సమయం తగ్గించుకోవాలి. ఎంత తగ్గించాలన్నది పేపర్‌ని బట్టి మారుతుంది. అందుకే ప్రతి ప్రింట్ వెనకా సెకన్లు, ఫిల్టర్ నంబరు, ఆరాక ఎలా ఉందో పెన్సిల్‌తో రాసిపెట్టుకుంటున్నాను.