శంషాబాద్ నుంచి మధురపూడికి నాన్న లెక్క

శంషాబాద్ నుంచి రాజమండ్రి పక్కన మధురపూడి విమానాశ్రయానికి మ్యాపులో గీత గీస్తే దాదాపు 360 కిలోమీటర్లు. టికెట్ మీద ప్రయాణం గంటా పది నిమిషాలని ఉంది. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మా నాన్నకి ఈ లెక్క మింగుడుపడలేదు.

"ఈ ఏటీఆర్ గంటకి 500 పోతుందన్నావు. ముప్పావు గంటలో దిగిపోవాలి కదరా. మిగతాది ఎక్కడ ఆపుతాడు?"

కొవ్వూరులో మేనత్త మనవరాలి ఓణీల ఫంక్షను. ఉదయం తొమ్మిదింపావుకి కూకట్‌పల్లిలో బయల్దేరి, ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి గంట దాటింది. చెకింగులు, క్యూలు, ఒక ఇరవై రూపాయల విలువ కూడా చేయని రెండొందల కాఫీ. ఆ సంగతి వదిలేద్దాం.

ఏటీఆర్ చిన్న విమానం. వరసకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. వెనక తలుపు నుంచి ఎక్కాలి. నాన్నకి అదే నచ్చింది, పాత పల్లెవెలుగులా ఉందన్నారు. రెక్కలు కిటికీల పైన ఉంటాయి కాబట్టి కింద నేల అడ్డం లేకుండా కనిపిస్తుంది.

బయల్దేరాక రన్‌వే చివరికి పోవడానికే చాలాసేపు పట్టింది. టైంటేబుల్లో రాసే సమయం గాల్లో ఉన్నది మాత్రమే కాదు, ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేవరకూ అని అప్పుడు చెప్పాను. "అదీ! డిపోలోంచి తీసిన టైము కూడా కలుపుతారన్నమాట" అని తృప్తిపడ్డారు. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. ఆ రోజు గాలి తూర్పు నుంచి వీస్తోంది కాబట్టి లేవడమే రాజమండ్రి వైపుకి లేచాం. పడమటికి లేస్తే మళ్లీ చుట్టు తిరిగి రావాలి, కొన్ని నిమిషాలు అక్కడే పోతాయి.

చక్రాలు నేల వదలగానే నాన్న వాచీ చూసుకున్నారు. నేను ఫోన్ ఫ్లైట్ మోడ్‌లోనే పెట్టి, ముందే దించుకున్న మ్యాప్ కిటికీ దగ్గర తెరిచాను. నీలం చుక్క సూర్యాపేట, ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట పక్కలగా జరుగుతూ పోయింది. ఈ రెండు విమానాశ్రయాలూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, దారిలో ఈ ఊళ్లూ అంతే. నాన్న ఏళ్ల తరబడి టికెట్లు కొట్టిన రూటది. "సత్తుపల్లిలో టిఫిన్‌కి ఆపేవాళ్లం" అన్నారు కిందకి చూస్తూ. కింద పొగమంచు తప్ప ఏమీ లేదు.

పోలవరం దగ్గర గోదావరి తళుక్కుమంది. ఎడమవైపు పాపికొండలు. టైర్లు నేలని తాకగానే మళ్లీ వాచీ. 49 నిమిషాలు.

అసలు తమాషా ఆ తర్వాత. కొవ్వూరు గోదావరికి పడమటి గట్టు, మధురపూడి తూర్పున. గాల్లో దాటిన నదిని కారులో గామన్ బ్రిడ్జి మీదుగా వెనక్కి దాటాలి. అత్త గుమ్మంలో దిగేసరికి మూడు. ఇంటి నుంచి పావు తక్కువ ఆరు గంటలని దారిలోనే నాన్న లెక్క తేల్చేశారు. "గౌతమిలో పడుకుంటే తెల్లారేసరికి వచ్చేవాళ్లం" అని సణిగారు కూడా.

అత్త ఎదురొచ్చి, "ఎంతసేపు పట్టింది అన్నయ్యా?" అంది.

"నలభై తొమ్మిది నిమిషాలే" అన్నారు నాన్న.